బోర్లించిన సీసా

మా బావ థర్మన్ గ్రీన్‌వెల్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పేదంతా వింటే మీకు ఆయన మీద ఒళ్లు మండుతుంది. నాకూ మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ గాలివానకు ఎవరింటి రేకులు లేచిపోయినా నిచ్చెన భుజాన వేసుకుని ముందుగా వచ్చేది ఆయనే. చర్చి పిక్నిక్‌కు బర్గూ అనే మాంసం పులుసు వండాలంటే పెద్ద గంగాళం కింద కట్టెలు పేర్చి, రోజంతా తెడ్డు తిప్పేదీ ఆయనే. థర్మన్ చేతికి ఎముక లేదని మా నెల్సన్ కౌంటీలో అందరూ అనేవారు. ముందుగదిలో ఉన్న ఆ అద్దాల బీరువా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ చేతికి ఎముకలన్నీ ఒక్కసారి మొలుచుకొచ్చేవి.

ఆయన మా అక్క ఒలీటా మొగుడు. ఇద్దరూ మిల్ హాలో బట్టీలో పనిచేసేవాళ్లు. అది మా వైపు చిన్న సారా బట్టీ, బర్బన్ విస్కీ తప్ప ఇంకేం కాచేవాళ్లు కాదు. బావ గోదాములో పీపాలు దొర్లించేవాడు. ఆ గోదాముల ఆవిరికి చుట్టుపక్కల ఇళ్ల గోడలూ, చెట్ల మొదళ్లూ మసి పూసినట్టు నల్లబడిపోయేవి. మా అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్లు చూసుకుని రోజూ తిట్టేది. అక్క బడి చదువు అవగానే సీసాలు నింపే గదిలో చేరింది. అందరూ మరమూతలకు మారిపోయినా మిల్ హాలో ముసలి యజమాని బిరడాలు వదల్లేదు. సీసా నిండి, బిరడా పడ్డాక, దానిమీంచి మెడకు రెండు వైపులా గవర్నమెంటు వారి ఆకుపచ్చ చీటీ అంటించడం అక్క పని. ఎప్పుడు చూసినా వేళ్లకు జిగురే. బావ తన టోపీ చిరిగిందని జిగురు అడగడానికి ఆ గదిలోకి వచ్చేవాడట. జిగురుతో టోపీ అతుక్కుంటుందా ఎక్కడైనా! అక్కకీ ఆ సంగతి తెలుసు. తెలిసే ఇచ్చేది.

శనివారం పని దిగేముందు ఆ గదిలో వాళ్లందరికీ ఫోర్‌మన్ చిన్న గ్లాసులో తలా ఒక గుక్క పోసేవాడు. బావ కూడా గోదాములోంచి వచ్చి అక్క పక్కన నిలబడేవాడు. ఆ గుక్క గురించి అక్క జీవితాంతం చెప్పింది. కాల్చిన పీపా చెక్క, మాగిన యాపిల్ పండు, చివర్లో కొంచెం మిరియం ఘాటు అనేది. నేను తాగలేదు కాబట్టి ఆమె మాటే నమ్మాలి.

తర్వాత కాలం మారింది. బర్బన్ ముసలాళ్ల తాగుడు అనిపించుకుంది. కుర్రకారు అంతా వోడ్కాలాంటి తెల్ల సరుకులో పళ్లరసం కలుపుకుని తాగడం మొదలుపెట్టారు. మిల్ హాలో మూతపడింది. చివరి రోజు చివరి సీసాకు చీటీ అంటించింది మా అక్కే. ఏడుస్తూ అంటించిందేమో, కాస్త వంకరగా పడింది. ముసలి యజమాని ఆ సీసా తీసి అక్క చేతిలోనే పెట్టాడు. "ఒలీటా, వచ్చే నెల మీ పెళ్లట కదా. ఆ రోజు ఇద్దరూ తాగండమ్మా" అన్నాడు.

పెళ్లి రోజు వచ్చింది. అక్క సీసా తీసి బల్ల మీద పెట్టింది. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తిప్పి తిప్పి చూశాడు.

"ఒలీటా, మిల్ హాలోలో ఇదే ఆఖరిది. తాగేస్తే ఇంకేం మిగల్దే. మొదటి బిడ్డ పుట్టినప్పుడు తీద్దాం."

అక్క నవ్వి ఊరుకుంది. కొత్త పెళ్లికూతురు కదా, అప్పుడు మొగుడేం చెప్పినా ముద్దుగానే ఉంటుంది.

ఆ ఒక్క సీసాతో మొదలైంది పిచ్చి. బావ ఊరవతల పెద్ద బట్టీలో పనికి కుదిరాడు. దారిలో కనిపించిన ప్రతి పల్లెటూరి దుకాణంలోనూ దూరేవాడు. అడుగు అరల్లో దుమ్ముకొట్టుకుపోయిన పాత సీసాలు, మూతపడ్డ బట్టీలవి, ఎవరికీ అక్కర్లేనివి ఏరుకొచ్చేవాడు. సెలవులకు కంబర్లాండ్ సరస్సుకు బయల్దేరితే చేరేసరికి పొద్దు వాలేది. వెనక సీట్లో కూతురు ట్రెసా "నాన్నా, ఇంకో దుకాణమా!" అని గోల పెట్టేది. అక్క కిటికీలోంచి పొగాకు చేలు చూస్తూ కూర్చునేది.

చెర్రీ చెక్కతో బీరువా ఆయనే స్వయంగా చేశాడు. అద్దం తలుపులు, లోపల చిన్న చిన్న దీపాలు. సీసాలన్నీ నిటారుగా, బళ్లో పిల్లల్లా వరసగా నిలబడేవి. వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. "వైను పడుకోబెట్టాలి. బర్బన్‌ని నిలబెట్టాలి. పడుకోబెడితే సరుకు బిరడాని తినేస్తుంది." పాఠమయ్యాక, వచ్చినవాళ్లకు తాగడానికి సింకు కింద పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోంచి చవక సరుకు పోసేవాడు. జనం ఖరీదైన సీసాలు చూస్తూ చవకది గుటకేసేవాళ్లు.

నా నోరు ఊరుకోదు కదా. "బావా, ఇది ఇల్లా, మ్యూజియమా? లోపలికి రావడానికి టికెట్టెంత?" అనేదాన్ని.

"చూడ్డానికి ఉచితమే మరదలా. తలుపు తాకితేనే వేళ్లు విరుస్తా."

"నా వేళ్లు సరే. అక్క వేళ్లు కూడా విరుస్తావా? మధ్యలో ఉన్నది ఆమె సీసానే కదా!"

"అందుకే కదే మధ్యలో పెట్టాను!" అనేవాడు ఛాతీ విరుచుకుని. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

ట్రెసా పుట్టింది. జ్ఞానస్నానం రోజు అక్క అడిగింది. "ఏమయ్యా, అది తీద్దామా?" ఇంకా మంచి రోజు రానీ అన్నాడు. ఇల్లు కొన్నారు, అడిగింది. ట్రెసా బడి ముగించింది, అడిగింది. పెళ్లై పాతికేళ్లయింది, ఆ రోజు నా ముందే అడిగింది.

"ఇంతకన్నా మంచి రోజు ఏమొస్తుందయ్యా మనకి?"

"తొందరేముందే? అదెక్కడికి పోతుంది?"

వంటింట్లోకి వచ్చాక నేను అక్క మీద విరుచుకుపడ్డాను. "నీ సీసా! నీకిచ్చిన సీసా! బీరువా తాళంచెవి గుమ్మం మీదే ఉంది. తీసుకుని తాగెయ్యరాదూ!"

అక్క పంది తొడ మాంసం పల్చగా కోసి, బిస్కట్లనే మెత్తని చిన్న రొట్టెల మధ్య పెడుతోంది. తలెత్తలేదు. "ఒక్కదాన్నే తాగితే ఏముందే ఎల్డీన్? ఆయన తీసి పొయ్యాలి. ఇద్దరం పక్కపక్కన నిలబడి తాగాలి. అదీ నా సరదా" అంది.

ఈలోగా లోకం మళ్లీ తిరగబడింది. ఎవరూ ముట్టని బర్బన్ కోసం ఎక్కడెక్కడి జనమో మా ఊళ్లో క్యూలు కట్టారు. న్యూయార్క్ నుంచి మెరిసే బూట్లేసుకున్నవాళ్లు బావ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, బీరువా ముందు చర్చిలో నిలబడ్డట్టు నిలబడేవాళ్లు. బావ కాళ్లు నేలమీద ఆనేవి కావు. అక్క రోజూ మెత్తని గుడ్డతో ఆ సీసాలు తుడిచేది. తను అంటించిన వంకర చీటీ దగ్గరికొచ్చాక కాసేపు ఆగేదని ట్రెసా చెప్పేది. "ఆ గది వాసన మర్చిపోతున్నానే" అని అక్క ఒకసారి నాతో అంది. అలా అన్నప్పుడు ఆమె మొహం చూస్తే నా ప్రాణం చివుక్కుమంది.

ఒక ఏడు చలికాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు లూయివిల్ డాక్టర్లు. చేతులెత్తేశారని వేరే చెప్పాలా? ట్రెసా పెళ్లి శరదృతువులో అనుకున్నాం, మే నెలకు ముందుకు జరిపాం. మా యాపిల్ తోటలో చెయ్యాలని అక్క ముచ్చట పడింది.

పెళ్లికొడుకు డాల్టన్ ఒహాయో నది అవతలివాడు. మంచి కుర్రాడే గానీ ఇక్కడి సంగతులేమీ తెలియవు. ఒక ఆదివారం మా వంటింట్లో అందరం కూర్చున్నప్పుడు "మేలో వానలు కదా, టెంటు వేయిద్దామా?" అన్నాడు. మేమంతా ఘొల్లున నవ్వాం.

"టెంటెందుకయ్యా! బర్బన్ పాతిపెడితే చాలదూ?" అన్నాను.

"పాతిపెట్టడమా?"

ట్రెసా వివరించింది. "పెళ్లి జరిగే చోట నెల ముందు నిండు సీసా ఒకటి తలకిందులుగా పాతాలి. మూత తియ్యకూడదు. అలా చేస్తే పెళ్లినాడు చినుకు పడదు. పెళ్లయ్యాక తవ్వితీసి అందరం తాగుతాం. మా పిన్ని పెళ్లికీ పాతారు."

"నా పెళ్లికి వాన పడలేదు. మొగుడే ఉరుముతూ ఉండేవాడు" అన్నాను. అక్క పడీపడీ నవ్వి, దగ్గు తెరలో ఉక్కిరిబిక్కిరైంది. దగ్గు తగ్గాక నీళ్లు తాగి, బావ వైపు చూసింది.

"మన సీసా పాతుదామయ్యా. మిల్ హాలోది."

బావ నోరు తెరిచాడు, మూశాడు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"బిరడా... పాతది ఒలీటా" అన్నాడు నీళ్లు నములుతూ.

"నాన్నా! ఇప్పుడు కూడానా?" ట్రెసా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్నాళ్లూ మంచి రోజు రాలేదు. ఇప్పుడు బిరడా వచ్చి పడిందా బావా?" అన్నాను నేను.

అక్క మాత్రం కోప్పడలేదు. బావ మొహంలోకే చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది. "పాతదైతే ఏం చేద్దామంటావు?"

బావ మా అందరినీ చూశాడు. పాపం, కోర్టులో నిలబెట్టిన మనిషిలా ఉన్నాడు. "ఏం లేదులే. నీ ఇష్టమే నా ఇష్టం. పాతుదాం" అన్నాడు.

ట్రెసా ఎగిరి ఆయన మెడ పట్టుకుని ముద్దు పెట్టింది. నేనూ వీపు తట్టాను. అక్క కళ్లు దించుకుని ఖాళీ నీళ్ల గ్లాసును చేత్తో తిప్పుతూ కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాను.

గొయ్యి బావే తవ్వాడు. సీసాను పాత దుప్పటిగుడ్డలో చుట్టి, మెడ కిందికి వచ్చేలా పెట్టి, చంటిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా మట్టి కప్పాడు. అక్క కుర్చీలో కూర్చుని చూసింది. ఆ నెల ప్రతి సాయంత్రం పని దిగాక బావ మా తోటకు వచ్చేవాడు. ఆ చోట పక్కన కాసేపు గొంతుక్కూచుని వెళ్లిపోయేవాడు.

"ఏం బావా, ఎవరైనా ఎత్తుకుపోతారని కాపలానా?" అని వరండాలోంచి కేకేశాను ఒకరోజు. ఎప్పుడూ ఎదురు మాట అనే మనిషి ఆ రోజు జేబులో చెయ్యి పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

పెళ్లినాడు పొద్దున్నుంచీ పడమటి వైపు నల్లమబ్బులు. పక్కూరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కుండపోత అని ఫోన్లు వచ్చాయి. మా తోటలో ఒక్క చినుకు పడితే ఒట్టు! ప్రమాణాలు అయ్యాయి, ముద్దు అయింది, ముసలాళ్లు టోపీలు గాల్లోకి ఎగరేసి "తవ్వండి, తవ్వండి" అని అరిచారు. ట్రెసా తెల్లగౌను ఎత్తి పట్టుకుని పార అందుకుంది. డాల్టన్ ఇంకో పార పట్టాడు.

రెండు పెళ్లలు తీసేసరికి వాసన వచ్చింది. గాలి నిండా వచ్చింది. ముందు అందరూ "ఆహా" అన్నారు. తర్వాత బట్టీల్లో పనిచేసినవాళ్ల మొహాలు మాడిపోయాయి. మూసి ఉన్న సీసాకు అంత వాసన రాదు.

డాల్టన్ గొయ్యిలో చెయ్యిపెట్టి పైకి తీశాడు. తేలిగ్గా వచ్చేసింది. బిరడా నానిన రొట్టెముక్కలా పిండైపోయింది. సీసాలో చుక్క లేదు. చీటీ మాత్రం తడిసి మట్టికొట్టుకుపోయింది గానీ ఊడలేదు. వంకరగా అలాగే ఉంది.

ట్రెసా బావురుమంది. బావ మంచు ముద్దలా నిలబడిపోయాడు.

"ఆ మట్టి కాస్త ఇలా తేండర్రా" అంది అక్క.

ట్రెసా దోసెడు తడిమట్టి తెచ్చి వాళ్లమ్మ ఒళ్లో పెట్టింది. పెళ్లికని కుట్టించుకున్న నీలం గౌను మట్టైపోతున్నా అక్క చూసుకోలేదు. రెండు చేతులతో మట్టిని మొహం దగ్గరికి తీసుకుని గుండెనిండా పీల్చింది. దగ్గు రాలేదు. "ఇదే! ఎల్డీనూ, ఇదేనే! సీసాల గది" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేనైతే ఏడ్చాను.

అప్పుడు బావ కదిలాడు. ఎవరితో ఏమీ చెప్పకుండా తన పికప్ ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు. మనిషి ఏమైపోతాడో అని మేం కంగారుపడుతుంటే, కాసేపటికి ట్రక్కు వెనక యాపిల్ పెట్టెల నిండా సీసాలతో తిరిగొచ్చాడు. బీరువా మొత్తం ఊడ్చుకొచ్చేశాడు. పెళ్లి బల్లల మీద పెట్టి వరసగా మూతలు తియ్యడం మొదలుపెట్టాడు. కొన్ని బిరడాలు విరిగి లోపల పడ్డాయి. టీ వడగట్టే జల్లెడతో వడకట్టించాడు. ఆ బీరువాను గుడ్లప్పగించి చూసి వెళ్లినవాళ్లే ఇప్పుడు పేపరు కప్పుల్లో పోసుకుని, మాంసం బిస్కట్లు నంజుకుంటూ తాగారు. మా పెదనాన్న కొడుకు ఒకడు అందులో అల్లం సోడా కలుపుకున్నాడు. మామూలు రోజైతే బావ వాణ్ని అక్కడే పాతేసేవాడు.

ప్రతి సీసాలోనూ మొదటి గుక్క అక్కకే. బావ ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పోసిచ్చేవాడు, తనూ ఒక గుక్క వేసేవాడు.

"అలా ఉందా?"

"బాగుందయ్యా. అది వేరు."

ఇంకోటి తెచ్చేవాడు. "ఇది? ఇది ఆ పక్క బట్టీదే, అదే వాగు నీళ్లు."

"ఇదీ బాగుంది. అది వేరు."

అలా ఎన్ని తెచ్చాడో! చివరికి అక్క కప్పు మీద అరచెయ్యి పెట్టింది. "చాలయ్యా. అందరికీ పొయ్యి" అంది. బావ లేచాడు. మోకాళ్లకంటిన మట్టి దులుపుకోలేదు. ఫిడేలు మొదలైంది, జనం ఆడారు, పెళ్లి బాగానే జరిగిందని అందరూ చెప్పుకున్నారు.

జులైలో అక్క మంచం దిగడం మానేసింది. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ, ఉండబట్టలేక అన్నాను. "అక్కా, ఆ సీసా పాతమని అడక్కుండా ఉండాల్సిందే. ఎవరికి తెలుసు బిరడా అలా అవుతుందని."

"నాకు తెలుసు" అంది అక్క.

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

"సీసాల గదిలో పనిచేసిందాన్ని. పాత బిరడాని బోర్లిస్తే ఏమవుతుందో నాకు తెలియదా? ఆయనకీ తెలుసు. పాతుదాం అంటే, వద్దు ఒలీటా పాడైపోతుంది, ఇప్పుడే తీసి తాగేద్దాం అంటాడనుకున్నాను. ఏం చేద్దామంటావని అడిగాను కూడా. ఆయన నోటితో ఆయనే అంటాడేమోనని చూశాను." కాసేపు కళ్లు మూసుకుంది. "పాతుదాం అన్నాడు."

పొగాకు కోతలకు ముందే అక్క వెళ్లిపోయింది.

మళ్లీ చలికాలం వచ్చింది. మా వరండా కటకటాలు ఊగిపోతున్నాయని బావ బాగుచెయ్యడానికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. పని అయ్యాక మెట్టు మీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. కప్పు పట్టుకుని తోట వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎల్డీన్, నీకో మాట చెప్పాలి. నా దగ్గర కొత్త బిరడాలున్నాయి. పాత సీసాలకని ఎప్పుడూ ఓ డబ్బాడు ఉంచుకుంటాను. పాతేముందు బిరడా మార్చేస్తే ఒక్క చుక్క పోయేది కాదు. ఆ నెలంతా మీ తోటకు వచ్చింది అందుకే. తవ్వి మార్చేద్దామని. డబ్బా జేబులోనే ఉండేది."

"మరి మార్చలేదేం?"

"మార్చాలంటే చీటీ చింపాలి. అది ఒలీటా అంటించింది, ఎల్డీన్. తన చేత్తో. అందరికీ సీసా కనిపించింది గానీ, నేను ఇన్నాళ్లూ చూసుకుంది ఆ చీటీనే. దాన్ని ఎలా చింపను?"

నాకు జాలి రావాలి. వచ్చింది కూడా. కానీ జాలికంటే ముందు కోపం వచ్చింది, నా గుణం అంతే.

"ఓరి భగవంతుడా! అలాంటి చీటీలు అక్క రోజుకు ఎన్నో అంటించేది బావా! కాగితం ఎవరికి కావాలి? అక్కకి లోపలిది కావాలి! బిరడా పోతుందని తనకి తెలుసు. తెలిసే పాతమంది. వద్దు, తాగేద్దాం అని నువ్వంటావేమోనని ఎదురుచూసింది. నాతో చెప్పింది."

బావ కప్పు కింద పెట్టాడు. కాఫీ మెట్ల మీద ఒలికింది.

"తీద్దామయ్యా అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే తీసేవాణ్నే, ఎల్డీన్. ఒట్టు. అడిగి ఉంటే తీసేవాణ్ని."

"ముప్ఫై ఏళ్లు అడిగింది బావా."